పనిలో నడుము దెబ్బతింటే నష్టపరిహారం ఎలా పొందాలి?

పలాస జీడి పరిశ్రమల్లో ఒక్కో పిక్కల బస్తా 80 కిలోలు తూగుతుంది. దాన్ని వీపున వేసుకొని లారీ నుంచి గోదాములోకి నడిచే కళాసీకి నడుము కలుక్కుమన్నప్పుడు ఒంటి మీద గాయం ఉండదు, నెత్తురు కారదు. అందుకే ప్రమాదమే జరగలేదనడం యజమానికి తేలిక, జరిగిందని నిరూపించడం కార్మికుడికి కష్టం. ఆ కష్టం తగ్గాలంటే మొదటి రోజే కాగితం పుట్టాలి.

బరువు దించగానే పక్కనున్న ఇద్దరికి చెప్పి, మేస్త్రీకి కబురు చేయాలి. మన జిల్లాల్లో చాలామంది నడుం పట్టేసిందిలే అనుకొని, నూనె రాయించుకొని ఇంట్లో పడుకుంటారు; వారం తర్వాత కాలు లాగడం మొదలయ్యాక ఆసుపత్రికి వెళ్తే, ఆ వారం ఇంటి దగ్గరే ఏదో ఎత్తావని ఎదుటివారు వాదిస్తారు. కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. నరాలు నొక్కుకుపోతున్నాయనడానికి అవి గుర్తులు.

శ్రీకాకుళం రిమ్స్‌కు వెళ్లినా, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లినా, ఓపీ చీటీ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. 'మూడు రోజులుగా నడుము నొప్పి' అని రాసిన చీటీ కేసులో పెద్దగా పనికిరాదు. 'ఫలానా తేదీ ఉదయం పది గంటలకు, గోదాములో బస్తా ఎత్తుతుండగా నొప్పి మొదలైంది' అని డాక్టరు చేత రాయించుకున్న చీటీయే తర్వాత సాక్ష్యం చెబుతుంది. ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ, మందుల బిల్లులు ఒక్కటీ పారేయవద్దు. చికిత్సకు నిజంగా అయిన ఖర్చు కూడా యజమానే భరించాలి.

ఆ తర్వాత యజమానికి ప్రమాదం తేదీ, చోటు, కారణం రాసి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచుకోవాలి. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత ఉంటే దారి వేరు: పరిహారం యజమానిని కాక ఈఎస్ఐనే అడగాలి, పనికి వెళ్లలేని కాలానికి సగటు రోజు వేతనంలో దాదాపు 90 శాతం అక్కడ వస్తుంది.

ఈఎస్ఐ లేనివారికి ఇంతకాలం 1923 నాటి పరిహార చట్టం అండగా ఉండేది; 2025 నవంబరు 21 నుంచి ఆ నిబంధనలు 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిశాయి. మూడు రోజులకు మించి పని చేయలేకపోతే హక్కు మొదలవుతుంది. తాత్కాలిక అశక్తతకు పదిహేను రోజులకొకసారి నెల వేతనంలో 25 శాతం, గరిష్ఠంగా ఐదేళ్లు ఇవ్వాలి. శాశ్వత నష్టమైతే వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించి, అందులో సంపాదనా శక్తి ఎంత శాతం పోయిందో అంత ఇస్తారు. నలభై ఏళ్లవారికి గుణకం 184.17 కనుక, 12,000 వేతనంతో సగం శక్తి కోల్పోతే 6,63,012 రూపాయలు వస్తాయి.

అసలు చిక్కు ఆ శాతం దగ్గరే ఉంది. వేలు తెగితే ఎంత శాతమో చట్టం పట్టికలోనే ఉంటుంది గాని, నడుముకు అలాంటి అంకె లేదు, అర్హుడైన డాక్టరే అంచనా వేయాలి. శరీర వైకల్య శాతం వేరు, సంపాదనా నష్టం వేరు. ఎడమ చేయి మోచేతి పైన తీసేసిన వడ్రంగి ఆ వృత్తి ఇక చేయలేడు కనుక అది సంపూర్ణ నష్టమేనని సుప్రీంకోర్టు 1975లో తేల్చింది. కాబట్టి మీ పని బస్తాలు మోయడమేనని, వంగి ఎత్తడం ఇక కుదరదని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి.

ప్రమాదం జరిగిన రెండేళ్లలోగా కార్మిక శాఖలోని పరిహార అధికారి ముందు దరఖాస్తు వేయాలి. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో సెంట్రింగ్ పనికి వెళ్లి దెబ్బతిని ఊరికి తిరిగొచ్చినవారు, తాము నివసించే ప్రాంతపు అధికారి ముందే వేయవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తకపోతే, అతని చేత పని చేయించుకున్న అసలు యజమానిని అడగవచ్చు. లాయరు ఫీజుకు వెనకాడేవారు 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయసహాయం కోరవచ్చు. ఈలోగా ఎవరైనా పది వేలు చేతిలో పెట్టి ఇక అడగనని సంతకం చేయమంటే చేయకండి. ఒకవేళ చేసినా, హక్కు వదులుకున్నట్టు రాసిన అలాంటి కాగితం చట్టం ముందు చెల్లదు.