గుమ్మానికి కాగితపు తోరణం – రెండో పాఠం: ముద్దబంతి

దసరాకి గుమ్మానికి కట్టుకునే తోరణంలో మామిడాకుల పని పోయిన పాఠంలో అయిపోయింది. ఆకుపచ్చ చార్టులో తొమ్మిది ఆకులు కత్తిరించి, నిలువునా మడిచి ఈనె గీత తెప్పించి, బరువైన పుస్తకం కింద పెట్టమన్నాను కదా, వాటిని అలాగే ఉంచండి, ఇవాళ వాటి జోలికి పోవద్దు. వాటిలో ఒకటో రెండో రాగి రంగు కాగితంతో చేసినవాళ్లు మంచి పని చేశారు. మామిడి చిగురు మొదట ఆ రంగులోనే ఉంటుంది, పచ్చటి ఆకుల మధ్య అలాంటిది ఒక్కటి కనబడినా తోరణం అప్పుడే చెట్టు దగ్గర్నుంచి వచ్చినట్టు ఉంటుంది.

ఇవాళ బంతిపూలు. మొత్తం తోరణంలో ఎక్కువ టైము తినేది ఇదే.

ఏ బంతి చేయాలన్నది ముందు తేల్చుకుందాం. ఒకే వరస రేకులుండే రెక్కబంతి సులువే, కానీ గుమ్మం పైన ఏడడుగుల ఎత్తులో కడితే కింద నుంచి చూసేవాళ్లకి పల్చగా, ఏదో స్టిక్కరు అతికించినట్టు ఉంటుంది. ముద్దబంతి ఏ వైపు నుంచి చూసినా నిండుగా ఉంటుంది. అందుకని మనం చేసేది ముద్దబంతి. రంగులు పసుపు, నారింజ రెండూ తీసుకోండి, ఒక్క రంగే అయితే దూరం నుంచి పూలు విడివిడిగా కనబడవు. (మన పండగలు ఏదీ బంతి లేకుండా గడవదు గానీ ఈ పువ్వు పుట్టిల్లు మెక్సికో. అక్కడ నవంబరు మొదట్లో పోయినవాళ్లని తలుచుకునే పండగకి ఇళ్ల నిండా ఇవే పరుస్తారు, కాగితంతో కూడా చేస్తారు. కాబట్టి కాగితపు బంతేమిటి అని ఎవరైనా మూతి విరిస్తే పట్టించుకోకండి.)

కాగితం విషయంలో మాత్రం రాజీ వద్దు, క్రేప్ పేపరే కావాలి. గ్లేజ్ కాగితం సాగదు. టిష్యూ పేపరుని విసనకర్రలా మడిచి మధ్యలో కట్టి పొరలు లాగే పద్ధతి మీరు చాలా వీడియోల్లో చూసే ఉంటారు, అది పుట్టినరోజు పార్టీకి బాగుంటుంది, గుమ్మానికి మరీ పెద్దదైపోతుంది, పైగా గాలిలో కాస్త తేమ ఉంటే సాయంత్రానికి వాలిపోతుంది. క్రేప్ పేపరు స్టేషనరీ షాపుల్లో మడతగా దొరుకుతుంది, సాధారణంగా 50 సెంటీమీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవు. రంగుకొక మడత చాలు.

ఇప్పుడు అసలు సంగతి. క్రేప్ పేపరుకి సన్నటి ముడతలుంటాయి, అది ఆ ముడతలకి అడ్డంగా లాగితేనే సాగుతుంది, ముడతల వెంబడి లాగితే చిరుగుతుంది. చిన్న ముక్క చేతిలోకి తీసుకుని రెండు వైపులా లాగి చూడండి, ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోరు. మన పువ్వులో రేకు నిలువుగా ముడతల వెంబడి ఉండాలి, అప్పుడే దాని అంచు వెడల్పుగా సాగి అలలు తిరుగుతుంది. రేకుని ముడతలకి అడ్డంగా కోస్తే ఎంత కష్టపడినా పువ్వు రాదు, చీపురుకట్ట వస్తుంది. చాలామంది కాగితం నాసిరకం అనుకుని వదిలేసేది ఇక్కడే.

మడత విప్పకుండానే, 50 సెంటీమీటర్ల వైపు కొలిచి, 5 సెంటీమీటర్లకి ఒక గీత గీసి అడ్డంగా కోసేయండి. విప్పితే 5 సెంటీమీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవు రిబ్బను చేతికొస్తుంది, ముడతలు దానికి అడ్డంగా ఉంటాయి. దాన్ని సగానికి, మళ్లీ సగానికి మడిచి కోస్తే నాలుగు ముక్కలు, ఒక్కోటి రెండడుగుల పైచిలుకు. ఒక్కో ముక్క ఒక పువ్వు. అంటే ఒక మడతలో పది రిబ్బన్లు, నలభై పూలు. కత్తెర పదునుగా ఉండాలి, అలాగని ఇంట్లో బట్టలు కోసే కత్తెర ముట్టుకోకండి, కాగితానికి వాడితే దాని పదును పోతుంది, ఆనక మాటలు పడేది మీరే.

ముక్క తీసుకుని పై అంచుని రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య పట్టుకుని, ఒక చెయ్యి మీ వైపు, ఇంకో చెయ్యి అవతలికి, కొంచెం కొంచెంగా లాగుతూ చివరిదాకా వెళ్లండి. అంచు అలలు అలలుగా లేస్తుంది. బంతి రేకు కొసన ఉండే ఆ కుచ్చు ఇలాగే వస్తుంది. ఇది రేకులు కోయకముందే చేయాలి, కోశాక అయితే ఒక్కో రేకునీ విడిగా లాగుతూ కూర్చోవాలి. కింది అంచుని మాత్రం లాగొద్దు.

తర్వాత ముక్కని నాలుగు పొరలుగా వదులుగా మడిచి, అలలున్న వైపు నుంచి కిందికి 3 సెంటీమీటర్ల లోతు కోస్తూ పోండి, రేకు వెడల్పు అర సెంటీమీటరు, కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, నిజం చెప్పాలంటే అటూ ఇటూ అయితేనే బాగుంటుంది. కింద 2 సెంటీమీటర్లు కోయకుండా మిగలాలి. భయమైతే అక్కడ పెన్సిలు గీత పెట్టుకోండి.

చుట్టడం. ఒక కొస నుంచి జానెడు ముక్క వరకు రేకుల్ని ఇంకో సెంటీమీటరు పొట్టిగా కత్తిరించి, ఆ భాగాన్ని గట్టిగా చుట్టండి, అది పువ్వు నడిమి భాగం, అక్కడ అసలు పువ్వులోనూ రేకులు ముడుచుకునే ఉంటాయి. ఆ తర్వాత చేయి వదులు చేసి, కింది అంచుని వేలెడు వెడల్పుకొక చిన్న కుచ్చు పెడుతూ చుట్టండి. కింద అంచులన్నీ ఒకే మట్టంలో ఉండాలి, ఒక పక్కకి జారితే పువ్వు బయటికి పొడుచుకొస్తుంది, అప్పుడు మొహమాటం లేకుండా విప్పి మళ్లీ చుట్టడమే. చివర్న గట్టి దారంతో ఐదారు చుట్లు బిగించి ముడేయండి. దారం కొసలు కత్తిరించొద్దు, జానెడు పొడవు వదిలేయండి, వచ్చే పాఠంలో అవే పనికొస్తాయి. ముడి కింద మిగిలిన కాగితాన్ని అర సెంటీమీటరు ఉంచి తీసేయండి.

ఫెవికాల్ ఎక్కడా వాడలేదని గమనించారా? కావాలనే. తడి తగిలితే క్రేప్ పేపరు రంగు వదులుతుంది. చేతికి చెమట పడుతుంటే మధ్యమధ్యలో తుడుచుకోండి, వేళ్లు పసుపు రాసుకున్నట్టు అవుతాయి గానీ సబ్బుతో పోతుంది. కొత్తగా సున్నం వేసిన గోడ అయితే మాత్రం వాన జల్లు కొట్టే వైపు ఈ తోరణం కట్టకండి, దసరా నాటికి వానలు పూర్తిగా పోవు, మరక దిగితే పోదు.

ఇప్పుడు పువ్వు విప్పాలి. బయటి వరస నుంచి మొదలుపెట్టి రేకుల్ని వెనక్కి వంచండి, లోపలి వరసలు సగమే వంచండి, నడుమ ముట్టుకోవద్దు. ఆఖర్న పైనుంచి చూసి, ఎత్తుగా లేచిన రేకులుంటే గుండ్రంగా కత్తిరించండి. 6 సెంటీమీటర్ల పువ్వు వస్తుంది.

ఎన్ని చేయాలి? మూడున్నర అడుగుల గుమ్మం సుమారు 107 సెంటీమీటర్లు. ఆకు 5, పువ్వు 6 అనుకుంటే తొమ్మిది ఆకులు, పది పూలు కలిసి 105, సరిగ్గా సరిపోతుంది. రెండు పక్కల వేలాడే దండలకి పన్నెండేసి. మొత్తం ముప్పై నాలుగు. ఒక్క రోజులో కూర్చుని చేయాలని టెన్షన్ పడొద్దు, టీవీ ముందు రోజుకి ఐదారు చుట్టుకున్నా దసరాకి చాలా ముందే అయిపోతాయి. ఇంట్లో పిల్లలుంటే రేకులు కోసే పని వాళ్లకివ్వండి, చుట్టడం మాత్రం మీరే చేయండి.

అయినవాటిని ప్లాస్టిక్ కవర్లో కుక్కొద్దు, నలిగిపోతాయి. చెప్పుల డబ్బాలో ఒకే వరసగా తలకిందులుగా పెట్టండి.

మూడో పాఠానికి పురికొస నాలుగు మీటర్లు, దబ్బనం, గుమ్మానికి మేకులు ఉన్నాయో లేదో చూసుకుని రెండు చిన్న హుక్కులు సిద్ధంగా పెట్టుకోండి. అమెరికాలో ఉండి తలుపుకి మేకు కొట్టే వీలు లేనివాళ్లు క్రిస్మస్‌కి తలుపు పైఅంచుకి తగిలించే ఇనప కొక్కెం తెచ్చుకోండి, దానికెలా కట్టాలో కూడా చెప్తాను. గుమ్మం దగ్గర దీపం పెట్టే అలవాటున్నవాళ్లు పక్క దండలు ఎంత పొడవు రావాలో గడప నుంచి టేపుతో కొలిచి రాసుకోండి, దీపానికి ఒక అడుగు పైనే ఆగిపోవాలి.