టోటల్ లాస్ అయిన కారుకు బీమా కంపెనీ తక్కువ ఇస్తానంటే ఏం చేయాలి?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బావగారి కారు ఇంటి ముందే నీళ్లలో ఉండిపోయింది. నీరు తీశాక చూస్తే సీట్ల మీద, డ్యాష్‌బోర్డు మీద బురద పేరుకుని ఉంది. షెడ్డువాళ్లు వేసిన ఎస్టిమేట్ చూసి బీమా కంపెనీ పంపిన సర్వేయరే టోటల్ లాస్, అంటే బాగు చేయించినా గిట్టుబాటు కానంత నష్టం అని తేల్చారు. పాలసీలో బండి విలువ 5,40,000 రూపాయలు. కొద్ది రోజులకు బీమా కంపెనీ నుంచి ఫోను వచ్చింది. "ఈ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో నాలుగు లక్షలకే దొరుకుతోందండీ. దానికి ఒప్పుకుంటే రెండు రోజుల్లో డబ్బు పడుతుంది" అన్నారు. ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ నీటిపాలైన ఇంట్లో, రెండు రోజుల్లో నాలుగు లక్షలంటే ఎవరికైనా మనసు అటే లాగుతుంది. బావగారు సరే అనబోయారు. అక్క ఫోను తీసుకుని, "ఆ మాట కాగితం మీద రాసి పంపండి, తర్వాత మాట్లాడదాం" అంది. రెండున్నర నెలలు పట్టింది కానీ చివరికి 5,39,000 రూపాయలు వచ్చాయి.

అక్క అన్న ఆ ఒక్క మాటలోనే ఈ పోరాటమంతా ఉంది. బీమా కంపెనీతో ఫోనులో బేరమాడకూడదు. వాళ్లు చెప్పే ప్రతి అంకెనూ కాగితం మీదకు రప్పించాలి, మనం చెప్పేదీ కాగితం మీదే చెప్పాలి.

ముందు పాలసీ పత్రం తీయండి

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత కారుకు జరిగిన నష్టానికి ఏమీ రాదు. సొంత నష్టానికీ వర్తించే పాలసీ ఉన్నవారికే కింద చెప్పేవన్నీ.

పాలసీ మొదటి పేజీలో ఐడీవీ అనే అంకె ఉంటుంది, అంటే పాలసీలో మీ బండికి కట్టిన విలువ. కారు తయారీ కంపెనీ ప్రకటించిన కొత్త బండి ధర నుంచి వయసును బట్టి తరుగు తీసి దాన్ని లెక్కిస్తారు. ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగు. ఐదేళ్లు దాటిన బండికి బీమా కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకున్న విలువే ఐడీవీ.

ఇక్కడ తెలుసుకోవలసిన అసలు విషయం ఒకటుంది. ఆ తరుగంతా పాలసీ మొదలైన రోజే తీసేశారు. టోటల్ లాస్ క్లెయిములో పాలసీ కాలమంతా ఐడీవీనే మార్కెట్ విలువగా చూడాలని, మళ్లీ తరుగు తీయకూడదని మన దేశంలోని మోటారు పాలసీల ప్రామాణిక షరతుల్లోనే రాసి ఉంది. మీ పాలసీలో ఆ వాక్యం వెతికి కింద గీత గీసుకోండి. ప్రీమియం తీసుకునేటప్పుడు ఒప్పుకున్న విలువను క్లెయిము వచ్చాక కంపెనీ కాదనడం తగదని 2008లో ధర్మేంద్ర గోయల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సెకండ్ హ్యాండ్ ధరల మాట ఎత్తితే ఈ రెండూ చూపిస్తే చాలు.

అయితే ప్రీమియం తగ్గుతుందని రెన్యువల్ అప్పుడు మీరే ఐడీవీ తగ్గించుకుని ఉంటే, ఆ తగ్గించిన అంకె దగ్గరే ఆగిపోతారు. దాని మీద పోరాడి సాధించేది ఉండదు. బాధగా ఉన్నా ముందే తెలియడం మంచిది.

కోత ఎక్కడ పడిందో పట్టుకోండి

ఐడీవీ నుంచి న్యాయంగా తగ్గేది తప్పనిసరి మినహాయింపు. 1500 సీసీ వరకు కార్లకు 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000. మీరు స్వచ్ఛందంగా మరికొంత భరిస్తానని ఒప్పుకుని ప్రీమియం తగ్గించుకుని ఉంటే అదీ పోతుంది. అంతకు మించి తగ్గించిన ప్రతి రూపాయికీ కారణం అడగండి. సర్వే నివేదిక నకలు, లెక్క వివరం కావాలని ఈమెయిల్ పెట్టండి. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 నిబంధనల ప్రకారం సర్వేయర్ 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. సర్వేయర్ రాసిందే వేదమేమీ కాదు. ఆ నివేదిక తిరుగులేని తుది మాట కాదని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

లెక్క చేతికొచ్చాక చూస్తే కోత సాధారణంగా మూడు చోట్లలో ఒకచోట కనిపిస్తుంది.

మొదటిది, టోటల్ లాస్ అనవలసిన బండిని మరమ్మతు కింద తోసేయడం. బండిని తరలించే ఖర్చు, మరమ్మతు ఖర్చు కలిపి ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గానే చూడాలి. ఐడీవీ 6,00,000 అయితే ఆ గీత 4,50,000 దగ్గర ఉంటుంది. షెడ్డు ఎస్టిమేట్ ఐదు లక్షలున్నా, ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం, ఇనుప భాగాలకు వయసును బట్టి తరుగు తీసేసి సర్వేయర్ దాన్ని గీత కిందకు దించవచ్చు. మీకు జీరో డిప్రిసియేషన్, అంటే భాగాలకు తరుగు తీయకుండా చెల్లించే అదనపు కవరు ఉంటే ఆ కోత చెల్లదు కాబట్టి లెక్క మళ్లీ వేయమనండి. షెడ్డువాళ్లు బండి విప్పాక బయటపడిన నష్టాలను అదనపు ఎస్టిమేట్‌గా రాయించి, ఫొటోలతో సర్వేయర్‌కు పంపడం మరిచిపోవద్దు. పైపైన చూసి వేసిన తొలి ఎస్టిమేట్ దగ్గరే చాలామంది నష్టపోతున్నారు.

రెండోది సాల్వేజ్, అంటే పాడైన బండికి కట్టే ధర. నా దృష్టిలో ఎక్కువ డబ్బు చేజారేది ఇక్కడే. బండి మీరే ఉంచుకుంటే ఆ ధర తీసేసి మిగిలింది ఇస్తారు. కంపెనీ ఆన్‌లైన్ వేలంలో 2,20,000 పలికిందని చెప్పి, 6,00,000 ఐడీవీలో అది తీసేసి 3,79,000 చేతిలో పెడుతుంది. ఆ బండిని మీరు ఆటోనగర్‌కు తీసుకెళ్తే 1,30,000 కూడా పలకకపోవచ్చు. మధ్యలో పోయిన 90,000 మీవే.

దీనికి విరుగుడు తేలికే. పాడైన బండిని ఉంచుకోవలసిన బాధ్యత మీకు లేదు. "ఆ ధరకు కొంటానన్న వారికే బండి అప్పగిస్తాను, నాకు పూర్తి ఐడీవీ ఇవ్వండి" అని రాసివ్వండి. పాట నిజమైనదైతే కంపెనీకి అభ్యంతరం ఉండకూడదు. వేలం పత్రం నకలు, పాటకు గడువు తేదీ అడగండి. దానితోపాటు విజయవాడ ఆటోనగర్‌లోనో, గుంటూరు ఆటోనగర్‌లోనో పాత బండ్లు కొనే ఇద్దరు ముగ్గురిని పిలిచి బండి చూపించి, లెటర్‌హెడ్ మీద ధర రాయించుకోండి. నోటిమాటగా చెప్పిన ధర ఎక్కడా చెల్లదు. బావగారి విషయంలో అలా రాయించుకున్న రెండు కాగితాలు చూశాకే కంపెనీ బండిని తానే తీసుకోవడానికి ఒప్పుకుంది.

మూడోది, షరతు ఉల్లంఘన పేరుతో కోత. సొంత కారును కిరాయికి తిప్పారనో మరొకటో చెప్పి 25 శాతం తగ్గించడం, లేదా పూర్తిగా తిరస్కరించడం. ఏ షరతు, ఏ ఆధారం అని రాతపూర్వకంగా అడగండి. వరద ప్రామాణిక పాలసీలో ఉన్న ప్రమాదమే. నీళ్లలో ఉన్న బండిని స్టార్ట్ చేస్తే మాత్రం ఇంజిను నష్టాన్ని మీ తప్పుగా చూపే వీలు కంపెనీకి దొరుకుతుంది. అందుకే నీట మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా, ఫొటోలు తీసి, లాగించుకునే షెడ్డుకు తీసుకెళ్లాలి.

ఉత్తరం ఇలా రాయండి

కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపండి. కోపం కాగితం మీద పెట్టకండి, అంకెలు పెట్టండి. నమూనా ఇది:

"నా పాలసీ నంబరు ఫలానా. ప్రమాదం జరిగిన తేదీ ఫలానా. ఐడీవీ 6,00,000 రూపాయలు, తప్పనిసరి మినహాయింపు 1,000 రూపాయలు. నాకు రావలసింది 5,99,000. మీరు ఇవ్వజూపింది 4,40,000. తేడా 1,59,000 రూపాయలకు పాలసీలోని ఏ షరతు ఆధారమో తెలియజేయండి. బండిని మీకు అప్పగించడానికి సిద్ధంగా ఉన్నాను. పూర్తి మొత్తం ఆలస్యానికి వడ్డీతో చెల్లించగలరు."

ఈలోగా డిశ్చార్జి వోచరు, అంటే డబ్బు అందినట్టు ఇచ్చే రసీదు మీద సంతకం పెట్టమంటారు. "పూర్తి, తుది పరిష్కారంగా" అన్న మాట అందులో ఉంటుంది. అవసరం తరుముతుంటే తక్కువ మొత్తమైనా తీసుకోక తప్పదు, నాకు తెలుసు. అప్పుడు అదే రోజు "మిగిలిన మొత్తంపై నా హక్కు వదులుకోవడం లేదు, అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని ఈమెయిల్ పంపండి. సంతకం చేశారన్న ఒక్క కారణంతో ఎక్కువ పరిహారం అడిగే దారి మూయకూడదని ఐఆర్‌డీఏఐ 2015లోనే కంపెనీలకు చెప్పింది. కానీ ఒత్తిడితో చేయించుకున్నారని చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి.

జవాబు రాకపోతే

ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, లేదా 155255కు ఫోను చేయండి. కంపెనీని కదిలించడానికి ఇది పనికొస్తుంది, తీర్పు మాత్రం ఇక్కడ రాదు.

తీర్పు కావాలంటే బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా వివాదాలు తేల్చే అధికారి. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ ఇవ్వవచ్చు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల రూపాయల వరకు వివాదాలు చూస్తారు. ముందు మీరు కంపెనీకి రాసి ఉండాలి, నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా వెళ్లవచ్చు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడి అవార్డుకు కంపెనీ కట్టుబడాలి. అది నచ్చకపోతే మీకు వినియోగదారుల కమిషన్ దారి ఇంకా ఉంటుంది.

కమిషన్‌కు నేరుగా కూడా వెళ్లవచ్చు. రెండేళ్ల గడువు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు కాబట్టి, కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉన్నా విజయవాడ వారు విజయవాడలో, గుంటూరు వారు గుంటూరులో వేసుకోవచ్చు. చెల్లించిన ప్రీమియం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు. మానసిక వేదనకు, ఖర్చులకు కూడా అడగవచ్చు. అయితే కేసు అక్కడ నడుస్తుండగా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లడం కుదరదు. సాక్షులు, నిపుణుల అవసరం లేని లెక్కల గొడవ అయితే ముందు అంబుడ్స్‌మన్ దగ్గరకే వెళ్లమంటాను.

డబ్బు వచ్చాక ఆర్‌సీ సంగతి

ఫైనాన్స్ ఉన్న బండి అయితే డబ్బు ముందు బ్యాంకుకు వెళ్తుంది. అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ తీసుకుని రవాణా శాఖ రికార్డులో హైపోథికేషన్, అంటే బండి మీద అప్పు ఉన్నట్టు రాసిన నమోదు తీయించండి.

పాడైన బండి కొన్న వ్యక్తి దాన్ని బాగు చేయించి రోడ్డెక్కిస్తే, ఆర్‌సీలో మీ పేరే ఉంటే, ఆ బండి చేసే ప్రమాదానికి కోర్టు మిమ్మల్ని బాధ్యుల్ని చేయవచ్చు. రికార్డులో పేరున్న వారే యజమాని అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బండి అప్పగించే రోజే యజమాని పేరు మార్చే ఫారం 29, 30 నింపి, కొన్నవారి గుర్తింపు పత్రం నకలు, తేదీ, సమయం రాసిన అప్పగింత రసీదు తీసుకోండి. బండి తుక్కుకే పోతుంటే, 14 రోజుల్లో రవాణా శాఖ కార్యాలయానికి తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. రికార్డులో మీ పేరు పోయిందో లేదో పరివాహన్ సైట్‌లో బండి నంబరు కొట్టి మీరే చూసుకోండి. మారేదాకా నెలకోసారి చూడండి.