ఏఎన్‌ఏ రిపోర్టు చేతికొస్తే
ఏఎన్‌ఏ (సొంత కణాల కేంద్రకం మీదే తిరగబడే యాంటీబాడీలను వెతికే రక్త పరీక్ష) పాజిటివ్ అనగానే లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) అని బెంబేలెత్తిపోవద్దు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ రావచ్చు. ముందు టైటర్ (రక్తాన్ని ఎంత పలుచన చేసినా ఆ యాంటీబాడీలు కనిపిస్తున్నాయో చెప్పే అంకె) చూడండి: 1:80 లేదా అంతకు మించితేనే లెక్క. తర్వాత యాంటీ డీఎస్‌ డీఎన్‌ఏ, యాంటీ స్మిత్ అనే యాంటీబాడీ పరీక్షలు చేయించాలి. మొదటిది మన డీఎన్‌ఏ మీదే తిరగబడే యాంటీబాడీ. అది కిడ్నీ వడపోతల్లో పేరుకుంటే రక్తంలోని సీ3, సీ4 అనే రోగనిరోధక ప్రోటీన్లు ఖర్చయి తగ్గుతాయి, మూత్రంలో ప్రోటీన్ పోయి నురగ కడుతుంది.

శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట వైపు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష అంకె) పెరిగితే ఉద్దానం జబ్బేనని (ఆ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) సరిపెట్టుకుంటారు. అక్కడే ప్రమాదం! ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రోటీన్ సాధారణంగా తక్కువే పోతుంది. రోజుకు 0.5 గ్రాము దాటినా, కీళ్లనొప్పులు, బుగ్గల మీద ఎర్రమచ్చ తోడైనా డాక్టరుగారిని ఈ పరీక్షలు అడగండి.

లూపస్ ఉండి గర్భం అనుకుంటే యాంటీ రో అనే యాంటీబాడీ పరీక్ష కూడా చేయించాలి. ఆ యాంటీబాడీ మాయ దాటి బిడ్డ గుండె లయను దెబ్బతీయగలదు. ఏఎన్‌ఏ మాత్రం మళ్లీ మళ్లీ చేయించకండి, డబ్బు దండగ.