సెడాన్ పికప్ కొలవడం ఎలా? ఇంజిన్‌కీ ఇంజిన్‌కీ తేడా తేలాలంటే...

కారు మోడల్ ఒకటే. ఇంజిన్లు మూడు: టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని మామూలు పెట్రోల్, టర్బో పెట్రోల్, డీజిల్. ఏది ముందు 100 కి.మీ. వేగం అందుకుంటుందో తేల్చడానికి చాలామంది స్పీడోమీటర్‌ని వీడియో తీస్తారు. దాన్ని కొలత అనరు. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదని చాలా దేశాల్లో నిబంధన, అందుకే కంపెనీలు దాన్ని కాస్త ఎక్కువే చూపించేలా పెడతాయి. ముల్లు 100 మీద ఉన్నా బండి 95 దగ్గరే ఉండొచ్చు.

సెకనుకు కనీసం 10 సార్లు వేగం నమోదు చేసే జీపీఎస్ పరికరం తీసుకోండి. ఫోన్లలో సాధారణంగా సెకనుకు ఒక్కసారే నమోదవుతుంది, 94 తర్వాత 103 కనిపిస్తే మధ్యలో జరిగింది ఊహే.

చదునైన ట్రాక్ కావాలి, మామూలు రోడ్డు మీద వద్దే వద్దు. టైర్లలో కంపెనీ చెప్పిన గాలి, అన్ని బళ్లలో ఒకే మోతాదు ఇంధనం, లోపల అదే మనుషులు, ఏసీ బంద్, ఇంజిన్ వేడెక్కి ఉండాలి. అంతే.

ఇక అందరూ చెడగొట్టేది బండి కదిలే క్షణాన్ని. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ముందు చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. చప్పుడు ఘనంగా ఉంటుంది, టైమ్ మాత్రం పోతుంది. టైరు ఒక్కసారి 'కీచ్' మంటే ఫర్వాలేదు. సెకను దాటి అరిచిందా, ఆ రన్ కొట్టేయండి.

మూడింటినీ ఒకే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వదిలి, న్యాయంగా పోల్చామని చెప్పుకోవడం ఇంకో పొరపాటు. మామూలు పెట్రోల్‌కి ఎక్కువ ఆర్‌పీఎం కావాలి. డీజిల్‌కి తక్కువ చాలు, ఎక్కువిస్తే చక్రాలు జారతాయి. టర్బో పెట్రోల్‌ని ఐడ్లింగ్ నుంచి వదిలితే బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) వచ్చేదాకా బండి నీరసంగా పాకుతుంది. మాన్యువల్ అయితే క్లచ్ పట్టు దొరికే చోట ఆపి, అక్కడి నుంచి మెల్లగా, తడబడకుండా వదలండి. టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో (ఇందులో క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తి అందుతుంది) ఎడమ కాలితో బ్రేక్ పట్టి కొద్దిగా యాక్సిలరేటర్ తొక్కొచ్చు. రెండు సెకన్లు మించొద్దు, లోపలి ఆయిల్ కాగిపోతుంది. డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌లో, లాంచ్ కంట్రోల్ (బండి కదిలే క్షణాన్ని కంప్యూటరే చూసుకునే ఏర్పాటు) ఉంటే తప్ప, ఆ పని చేయకండి.

ఇంత చేసినా బండి కదిలించడంలో డ్రైవర్ నేర్పు ప్రభావం కొంత ఉంటుంది. అందుకే నడుస్తున్న బండి 80 నుంచి 120 కి.మీ. వేగం అందుకునే టైమ్ కూడా కొలవాలి. రెండు ఫలితాలూ కొట్టుకుంటే నేను రెండోదాన్నే నమ్ముతాను, మీరూ అదే నమ్మండి.

అమెరికా పత్రికల అంకెలు మీ అంకెల పక్కన పెట్టకండి. వాళ్ల 60 మైళ్లంటే 96.6 కి.మీ. మాత్రమే, పైగా చాలా పత్రికలు మొదటి అడుగు (సుమారు 30 సెం.మీ.) దూరం దాటాకే గడియారం మొదలుపెడతాయి.

మూడు బళ్లూ ఒకే రోజు, ఒకే చోట నడపాలి. ఎత్తు ప్రతి 1000 మీటర్లకీ మామూలు పెట్రోల్ ఇంజిన్ సుమారు పదోవంతు శక్తి కోల్పోతుంది. టర్బోకి ఆ నష్టం చాలా తక్కువ. కానీ టర్బో బండి వరుస రన్‌లకి వేడెక్కి మందగిస్తుంది, మధ్యలో కాసేపు నిదానంగా తిప్పండి.

అటు రెండు, ఇటు రెండు రన్‌లు తీసి సగటు రాయండి, బాగా వచ్చిన ఒక్కటే కాదు. తేడా 0.2 సెకన్ల లోపుంటే రెండు ఇంజిన్లూ సమానమని రాసేయండి.