సైకిల్ భాగాలకు రంగు వేసే ముందు

రంగు పొర పల్చనిదే, కానీ బిగుతుగా కూర్చోవాల్సిన చోట పడితే పార్టు ఎక్కదు. 27.2 మిల్లీమీటర్ల వ్యాసమున్న సీటు పైపు ఫ్రేములోకి ఎంత దిగుతుందో విప్పకముందే గీత పెట్టుకోండి. ఆ గీత కింద రంగు వద్దు.

థ్రెడ్డు ఉన్న ప్రతి చోటా పాత బోల్టు బిగించి ఉంచండి. ఎడమ పెడల్ థ్రెడ్డు తిరగేసి ఉంటుంది, చాలామంది అక్కడే పాడుచేస్తారు.

బేరింగ్ కప్పులు కూర్చునే అంచులకు, ఇరుసు నట్టు ఆనే చోటికి మాస్కింగ్ టేపు. బ్రేకు రబ్బరు ఆనే రిమ్ము జోలికి అసలు పోవద్దు.

విశాఖలో ఉప్పుగాలి ఇంకో తలనొప్పి. ఎంవీపీ కాలనీలో మేడ మీద సాయంత్రం పాత రంగు గీకి వదిలేసిన నా ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) తెల్లారేసరికి తుప్పుతో ఎర్రబడింది. గీకిన రోజే తుడిచి ప్రైమర్ కొట్టేయండి. ముసురు పట్టిన రోజు స్ప్రే డబ్బా ముట్టుకోకండి, రంగు పాలిపోతుంది.

మూతికి మాస్కు మరవద్దు.