పగడాల్లో కొవ్వు కొలవడం: క్లోరోఫామ్ లేకుండా

నీరు వేడెక్కి పగడం తెల్లబడిందంటే, దానికి ఆహారం అందించే సూక్ష్మ నాచు వదిలిపోయినట్టే. ఆ తర్వాత దాచుకున్న కొవ్వే దానికి ఆధారం. ఆ నిల్వను కొలిచే పాత పద్ధతులు, 1957 నాటి ఫోల్చ్, 1959 నాటి బ్లై-డయర్, రెండూ క్లోరోఫామ్‌తో నడిచేవే. వెలుతురు, గాలి తగిలితే క్లోరోఫామ్ నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. 2008లో వచ్చిన ఎంటీబీఈ (మిథైల్ టెర్ట్-బ్యూటైల్ ఈథర్ అనే ద్రావణి) పద్ధతి ఈ బెడదను తప్పించింది.

ముందు అనుమతి. గట్టి పగడాలన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మన్నార్ సింధుశాఖలోనైనా, లక్షద్వీప్‌లోనైనా చిన్న ముక్క విరవాలన్నా కాగితం చేతిలో ఉండాలి.

తెచ్చిన ముక్కను మైనస్ 80 డిగ్రీల్లో ఉంచి, ద్రవ నైట్రోజన్ పోస్తూ అస్థిపంజరంతో సహా మెత్తగా నూరండి. గాలి ఆడని గదిలో ఈ పని వద్దు, నైట్రోజన్ ఆవిరై ఆక్సిజన్‌ను తోసేస్తుంది. సున్నపు భాగాన్ని కరిగిద్దామని ముందే ఆమ్లం పోయకండి, కొవ్వులు విడిపోతాయి.

అర గ్రాము పొడిని టెఫ్లాన్ మూత ఉన్న గాజు గొట్టంలో వేసి 1.5 మి.లీ. మిథనాల్, 5 మి.లీ. ఎంటీబీఈ పోసి, గది ఉష్ణోగ్రతలో గంటసేపు కుదపండి. ప్లాస్టిక్ గొట్టం వాడితే అందులోంచి దిగిన పదార్థాలు కూడా కొవ్వు లెక్కలో చేరతాయి. తర్వాత 1.25 మి.లీ. శుద్ధజలం కలిపి 10 నిమిషాలు ఆగి, 1,000 జి (గురుత్వాకర్షణకు వెయ్యి రెట్లు) వద్ద 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. ఇక్కడే ఈ పద్ధతి అసలు సుఖం తెలుస్తుంది: క్లోరోఫామ్‌లో కొవ్వు అడుగున చేరుతుంది, పిపెట్ మధ్య పొరను చీల్చుకుని దిగాలి. ఇందులో కొవ్వు పైపొరలోనే తేలుతుంది. దాన్ని తీసుకుని, మిగిలినదాన్ని 2 మి.లీ. తాజా ద్రావణి మిశ్రమంతో ఇంకోసారి కడిగి, రెండూ కలపండి. ముందే తూచిన గాజు సీసాలో నైట్రోజన్ ధార కింద ఆరబెట్టి, 0.1 మి.గ్రా. తేడా చూపే త్రాసుపై తూచండి. ప్రతి విడతకూ పగడం లేని ఖాళీ గొట్టాన్ని కూడా ఇలాగే నడిపి, దాని బరువు తీసేయండి.

అయితే ఎంటీబీఈ తేలిగ్గా అంటుకుంటుంది. దాన్ని ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే వాడండి, దగ్గర్లో మంట, హాట్ ప్లేట్ ఉండకూడదు, ఇంటి ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చేతి తొడుగు మీద చింది పడితే వెంటనే మార్చేయండి.

కొవ్వును రంగును బట్టి కొలిచే వనిలిన్-ఫాస్ఫారిక్ పరీక్ష సులువుగా అనిపిస్తుంది కానీ, దానికి వేడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. పైగా అది ద్విబంధాలున్న కొవ్వులనే పట్టుకుంటుంది. పగడాల్లో ఉండే సిటైల్ పాల్మిటేట్ లాంటి, ద్విబంధాలు లేని సంతృప్త మైనాలు దానికి కనిపించవు. పగడాలకు మేం దాన్ని సిఫారసు చేయం.

ఫలితాన్ని మొత్తం బరువుతో భాగించకండి, అందులో ఎక్కువ భాగం సున్నమే. అదే పొడిలో ఇంకో భాగాన్ని 60 డిగ్రీల్లో ఆరబెట్టి తూచి, 450 డిగ్రీల్లో కాల్చి మళ్లీ తూచి, కాలిపోయి తగ్గినంత బరువుతో (అదే సేంద్రియ భాగం) భాగించండి. కొలిమి 600 దాటితే సున్నం కూడా కార్బన్ డయాక్సైడ్ వదిలి బరువు తగ్గుతుంది, కొవ్వు శాతం ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. పాత క్లోరోఫామ్ అంకెలతో పోల్చాలంటే ముందుగా కొన్ని నమూనాలను రెండు పద్ధతుల్లోనూ నడిపి తేడా చూసుకోండి.