మెత్తని సీసంతో పోసిన దిమ్మలు నలిగిపోతుంటే

చిక్కడపల్లిలోని మా ఇంట్లో చిన్న చేతి ముద్రణ యంత్రం ఉంది. దానికోసం నేను పోసుకున్న అలంకార దిమ్మల అంచులు నూరు కాగితాలు అచ్చయ్యేలోపే నలిగిపోయేవి. ఒత్తిడి తగ్గించినా లాభం లేకపోయింది. తప్పు లోహానిదే. అది పాత పైపుల సీసం, గోటితో గీస్తే గీత పడేంత మెత్తన.

మూతబడిన ఒక ప్రెస్‌లో లైనోటైప్ ముక్కలు, అంటే ఆ పేరున్న పాత అచ్చు యంత్రం లోహంతో పోసిన అక్షరాల వరుసలు, దొరికాయి. అందులో సుమారు 84 పాళ్లు సీసం, 12 పాళ్లు ఆంటిమొని, 4 పాళ్లు తగరం. గట్టిదనం ఆంటిమొనిది. తగరం వల్ల లోహం మూసలోని సన్నని గీతల్లోకీ పారుతుంది. ఉత్త సీసం 327 డిగ్రీల దగ్గర కరిగితే, ఇది సుమారు 240 దగ్గరే కరుగుతుంది. పైపుల సీసం కలపకుండా దీన్నే పోశాను. ఎంత చక్కటి అంచులో! ఇప్పటికీ నలగలేదు.

ఆరుబయటే కరిగించండి. తడి ముక్కను మాత్రం కరిగిన లోహంలో వేయకండి, ఒక్కసారిగా ముఖం మీదికి చిమ్ముతుంది.